పెచ్చులూడితే ఇల్లు పడిపోతున్నట్టు కాదు

సంపాదకులకు,

వానలు మొదలవగానే హైదరాబాద్ పాతబస్తీలో శిథిల భవనాల నోటీసులు వస్తాయి. ప్రాణాలకు ముప్పున్న ఇంటిని ఖాళీ చేయించాల్సిందే. కానీ షాలిబండ, హుసేనీ ఆలం, మొగల్‌పురా గల్లీల్లోని దేవిడీలు (నవాబుల కాలపు పెద్ద భవంతులు), పాత ఇళ్లు చాలావాటిలో ఊడుతున్నది గోడ కాదు, దానిమీద తర్వాత పూసిన సిమెంటు.

ఆ గోడలు రెండడుగుల పైచిలుకు మందంతో, రాయీ ఇటుకా పేర్చి డంగు సున్నంతో (గానుగలో ఆడించిన సున్నం, ఇసుక ముద్దతో) కట్టినవి. నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నపు పూతలోంచి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మతో వచ్చిన ఉప్పు పూత వెనకే పేరుకుని, కొన్ని వానాకాలాలకే సిమెంటు పలకలుగా ఊడి పాత సున్నాన్నీ పీక్కొస్తుంది. మళ్లీ సిమెంటే పూస్తారు! రోడ్డు మీద రోడ్డు వేసి గడపల్ని పల్లంలో పడేయడం చెమ్మకు ఇంకో కారణం.

ముందు నీరు వచ్చే దారి మూయాలి. చెమ్మ గీతకు అడుగు పైదాకా సిమెంటు చెక్కేసి, ఉప్పును పొడి బ్రష్షుతో దులపాలి. కడిగితే తిరిగి గోడలోకే పోతుంది. కొన్ని వారాలు ఆరనిచ్చాక ఒక పాలు సున్నం, రెండు మూడు పాళ్లు ఇసుక గానుగాడించి, కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం కలిపి పూయాలి. పొర అర అంగుళం దాటకూడదు. ఒక్కసారే మందంగా వేస్తే బీటలిస్తుంది. తడి గోనెపట్టాలు కప్పి వారం కాపాడాలి. పైన ఎనామిల్ రంగు వద్దు, వెల్ల చాలు.

మిద్దె కారితే సిమెంటు పోయడం అంతకన్నా ప్రమాదం. వంద చదరపు అడుగుల మీద అంగుళం మందమంటే దాదాపు అర టన్ను బరువు. ఆ భారమంతా టేకు దూలాలదే. దూలం మొదట పుచ్చేది గోడలో దిగిన కొస దగ్గర. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మెత్తగా దిగుతుంది. నడిమి భాగం గట్టిగా ఉంటే ఆధారాలు నిలిపి, పుచ్చినంత మేర కోసి కొత్త టేకు అతకవచ్చు. కప్పంతా దించక్కర్లేదు.

చెక్క పనితనానికి పేరుపడ్డ మాల్వాలా ప్యాలెస్ 2000లో నేలమట్టమైంది. మిగిలినవాటికి కూల్చివేత ఆదేశం ఇచ్చేముందు సున్నపు కట్టడం తెలిసిన ఇంజినీరు, మేస్త్రి కలిసి తూకం గుండు వేలాడదీసి గోడకు పొట్ట వచ్చిందేమో చూడాలి, దూలాల కొసలు పొడిచి చూడాలి. చెడింది పూతా, గోడా, దూలమా అన్నది నోటీసులోనే రాయాలని అధికారులను కోరుతున్నాం.

— పాత కట్టడాల మరమ్మతు తెలిసిన పాఠకులు, హైదరాబాద్