మిర్చి యార్డులో కలిసిన బాబాయ్‌కి

బాబాయ్, ఆరోజు మీ పేరు కూడా అడగలేదు నేను, ఇది మీ దాకా చేరుద్దో లేదో తెలీదు కానీ థ్యాంక్స్ చెప్పకుండా ఉండలేకపోతున్నా. 2017 ఏప్రిల్, గుంటూరు యార్డు, అంతకుముందు ఏడాది క్వింటా పది వేలు దాటిన కాయలు మూడు నాలుగు వేలకి పడిపోయినయ్, నాన్న టిక్కీల మీద, అదే మిర్చి బస్తాల మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాట్లేదు, నేనేమో ఇంటర్ మ్యాథ్స్ తప్పి ఇక చదువొద్దు హమాలీ పనికొస్తా అని చెప్పేశా. పక్క కొట్లో చిట్టా రాసుకుంటున్న మీరు కళ్ళజోడు తీసి "సప్లీ ఫీజు కట్టావా" అన్నారు. కట్టలేదన్నా. కాయల ఘాటుకి ఇద్దరం తుమ్ముతూనే ఉన్నాం. ఐదొందల నోటు నా చేతిలో పెట్టి, రిజల్ట్ నేనే చూస్తానని కాటా చీటీ వెనక నా హాల్‌టికెట్ నంబర్ రాసుకున్నారు.

రేటు మా చేతిలో లేదు, కానీ ఆ మధ్యాహ్నం ఫీజు కట్టడమా మూటెత్తడమా అన్నది నా చేతిలోనే ఉందని మీ వల్లే తెలిసింది. ఇప్పుడు బ్రాడీపేటలో ఇంటర్ పిల్లలకి అదే మ్యాథ్స్ చెప్తున్నా. రెండుసార్లు వచ్చా, కొట్టు వేరేవాళ్ళు నడుపుతున్నారు. ఆ చీటీ ఇంకా ఉంటే చూడండి బాబాయ్, ఆ నంబర్ పాసయ్యింది.