మాథ్యూ ఆర్నాల్డ్ పూర్తి సెట్ అడుగుతున్న వాళ్ళందరికీ

ఎమ్మే ఇంగ్లిష్ విద్యార్థులూ, లెక్చరర్ అర్హత కోసం రాసే నెట్, సెట్ పరీక్షలకు చదువుతున్నవాళ్ళూ ఈమధ్య షాపుకు వచ్చి, వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఒకటే అడుగుతున్నారు: “మాథ్యూ ఆర్నాల్డ్ రచనలన్నీ ఒకే సెట్‌గా తెప్పిస్తారా? ఎంతవుతుంది?” ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అందరికీ కలిపి ఉన్నమాట రాస్తున్నాను. సెట్ తెప్పించడం లేదు. ఎందుకో, దాని బదులు ఏం చేస్తున్నామో చెబుతాను.

ఆర్నాల్డ్ పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ కవి, విమర్శకుడు. ఆయన రాసిందంతా ఒకేచోట ఇచ్చే సెట్ నాకు తెలిసి లేదు. దానికి దగ్గరగా వచ్చేది మాక్మిలన్ వాళ్ళు 1903-04లో లండన్‌లో వేసిన 15 సంపుటాలు. కవితలు, వ్యాసాలు, ఉత్తరాలు మూడూ ఉన్నా, అచ్చేసినవి 775 సెట్లే. పత్రికల్లో పడి పుస్తకాలకెక్కని వ్యాసాలు చాలా అందులో లేవు. అది దాచుకునేవాళ్ళ సరుకు, చదువుకునేవాళ్ళకు నేను చెప్పను. వచనం మొత్తాన్ని నోట్సుతో సహా ఆర్.హెచ్. సూపర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 11 సంపుటాలుగా కూర్చారు. మిషిగన్ యూనివర్సిటీ ప్రెస్ 1960 నుంచి 1977 దాకా వాటిని వేసింది. కవితలకు కెనెత్ ఆలట్ 1965లో చేసిన సంపుటం కావాలి. ఉత్తరాలకు సెసిల్ లాంగ్ కూర్చిన ఆరు సంపుటాలు. మొత్తం పద్దెనిమిది పుస్తకాలు, మూడు ప్రచురణ సంస్థలు. పైగా చాలావాటికి పాత కాపీలే దిక్కు. విదేశం నుంచి ఒక్కోటి తెప్పిస్తే పోస్టేజీ కొన్నిసార్లు పుస్తకం ధరను మించిపోతోంది. ఆ భారం విద్యార్థి మీద వేయడం నాకు ఇష్టం లేదు.

“ఆన్‌లైన్‌లో కంప్లీట్ వర్క్స్ అని తక్కువకే ఉన్నాయి కదన్నా” అని ఒక అబ్బాయి అడిగాడు. అలాంటివి తెప్పించి చూశాను. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి, ఆర్డర్ వచ్చినప్పుడు అచ్చుకొట్టే కాపీలవి. హోమర్ అనువాదం మీద ఆర్నాల్డ్ 1861లో తెచ్చిన ఉపన్యాసాల పుస్తకం తీసుకోండి. అందులో గ్రీకు పంక్తులు అడుగడుగునా ఉంటాయి. నా చేతికొచ్చిన కాపీలో గ్రీకు ఉండాల్సిన ప్రతిచోటా అంకెలు, కామాలు, విరిగిన ఇంగ్లిష్ అక్షరాలు. ఫుట్‌నోట్లు పేరా మధ్యలో దూరిపోయాయి. అలాంటి పుస్తకం మా షాపులో అమ్మం.

ఇంకో సంగతి. కొత్తగా కొనేవాళ్ళకు ఇదే ఎక్కువ టెన్షన్ పెడుతోంది. ఆర్నాల్డ్ వచన పుస్తకం ‘కల్చర్ అండ్ అనార్కీ’ కొన్న ఒక అమ్మాయి వారం తిరక్కుండా వెనక్కి తెచ్చింది. సిలబస్‌లో ఉన్న ‘స్వీట్‌నెస్ అండ్ లైట్’ అధ్యాయం ఇందులో లేదు, డిఫెక్ట్ పీసేమో అంది. పాఠం ఉంది, దాని తలమీద పేరే లేదు. 1869 మొదటి ముద్రణలో అధ్యాయాలకు శీర్షికల్లేవు. ఆర్నాల్డ్ వాటిని 1875 రెండో ముద్రణలో పెట్టాడు. ఇప్పుడు దొరికే పుస్తకాల్లో కొన్ని మొదటి పాఠాన్ని, కొన్ని తర్వాతి పాఠాన్ని అనుసరిస్తాయి. కవితలతోనూ ఇలాంటి చిక్కే. ‘ఎంపిడాక్లిస్ ఆన్ ఎట్నా’ అనే పెద్ద కవిత 1852లో వచ్చింది. మరుసటి ఏడాది ఆయనే దాన్ని సంపుటం నుంచి తీసేసి, ఎందుకు తీశాడో ముందుమాటలో రాశాడు. పరీక్షల్లో అడిగే 1853 ముందుమాట అదే. తర్వాత తోటి కవి బ్రౌనింగ్ కోరితే 1867లో మళ్ళీ చేర్చాడు. ‘డోవర్ బీచ్’ కవిత పుస్తకంలోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. అందుకే ఇకనుంచి మేం అమ్మే ప్రతి ఆర్నాల్డ్ పుస్తకంలో అది ఏ ముద్రణ పాఠమో రాసిన చీటీ పెడుతున్నాం.

సిలబస్ కోసమైతే పదకొండు సంపుటాలూ అక్కర్లేదు. సూపర్ కూర్చిన సంపుటాల్లో 1853 ముందుమాట, హోమర్ ఉపన్యాసాలు ఒకటో దాంట్లో, ‘ద ఫంక్షన్ ఆఫ్ క్రిటిసిజమ్’ మూడో దాంట్లో, ‘కల్చర్ అండ్ అనార్కీ’ అయిదో దాంట్లో, ‘ద స్టడీ ఆఫ్ పొయెట్రీ’ తొమ్మిదో దాంట్లో ఉన్నాయి. రిటైరైన ఒక ఇంగ్లిష్ ప్రొఫెసర్ గారి ఇంటి నుంచి మూడు, అయిదు, తొమ్మిది ఇటీవల మాకు వచ్చాయి. అయిదో సంపుటం మార్జిన్లలో ఆయన పెన్సిల్‌తో రాసుకున్న ప్రశ్నలున్నాయి. 1866లో లండన్ హైడ్ పార్క్‌లో జరిగిన గొడవల గురించి ఆర్నాల్డ్ కోపంగా రాసినచోట “రెయిలింగులు విరిచినవాళ్ళు అడిగిందేమిటి?” అని ఉంది. వాళ్ళు అడిగింది ఓటు హక్కు. ఆర్నాల్డ్‌ను నెత్తిన పెట్టుకునేవాళ్ళు కూడా ఆ ప్రశ్నతో కలిపే ఆయన్ను చదవాలని నా అభిప్రాయం.

ఈ మూడూ అమ్మను. మంచి ధరే ఇస్తామన్నారు. షాపు అద్దె పెరిగిన మాటా నిజమే. అయినా ఒకరి బీరువాలోకి వెళ్తే మిగతావాళ్ళకు అందవు. కౌంటర్ పక్క బల్లమీద ఉంటాయి, కూర్చుని చదువుకోండి, నోట్సు రాసుకోండి. పుస్తకం మొత్తం జిరాక్స్ మాత్రం తీయనివ్వం. ఆర్నాల్డ్ మాటలకు కాపీరైట్ తీరిపోయింది, సూపర్ నోట్సు సంగతి అలా కాదు.

పరీక్ష కోసం కాకుండా చదువుదామనుకునేవాళ్ళకు నేను ముందు చేతికిచ్చేది ఆర్నాల్డ్ కథాకావ్యం ‘సొహ్రాబ్ అండ్ రుస్తుమ్’. కొడుకని తెలియక రుస్తుమ్ యుద్ధంలో సొహ్రాబ్‌ను చంపే కథ, పారశీక కవి ఫిరదౌసి కావ్యం ‘షానామా’లోది. బంగారు నాణేలిస్తానని మాటిచ్చి వెండి నాణేలు పంపిన గజనీ మహమ్మదు దర్బారులో ఆ ఫిరదౌసి పడ్డ వేదనను మన జాషువా కావ్యంగా రాశారు కదా. ఆర్నాల్డ్‌కు పారశీకం రాదు. మాల్కమ్ రాసిన పర్షియా చరిత్రలోనూ, ఒక ఫ్రెంచి విమర్శకుడి వ్యాసంలోనూ ఈ కథ చదివాడు. 35 ఏళ్ళు ఊరూరా తిరిగే స్కూల్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం చేస్తూ, పిల్లల పేపర్లు దిద్దుతూ ఇంత రాశాడు. అందుకే ఆయనంటే నాకు గౌరవం. ‘సొహ్రాబ్ అండ్ రుస్తుమ్’తో కలిపి కొనేవాళ్ళకు జాషువా ‘ఫిరదౌసి’ సగం ధరకే ఇస్తున్నాను.

సూపర్ ఒకటో సంపుటం మంచి కాపీ కోసం వెతుకుతున్నాం. దొరికితే అదీ బల్లమీదకే వస్తుంది. సొంతంగా కావాలనేవాళ్ళు సంపుటం నంబరు రాసి మెసేజ్ పెట్టండి. ధర, పోస్టేజీ విడివిడిగా చెబుతాను. మీరు సరేనన్నాకే ఆర్డర్ పెడతాను, అడ్వాన్సు కూడా అప్పుడే.