కలెక్టర్ గారికి కనిగిరి మెట్ట నుంచి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మా ఊరి పక్కన రాబోయే సోలార్, బ్యాటరీ స్టోరేజ్ (కరెంటును పెద్ద బ్యాటరీల్లో నిల్వ చేసే) ప్రాజెక్టు గురించి సోమవారం గ్రీవెన్స్‌లో రెండుసార్లు అర్జీ ఇచ్చాం. రసీదులు భద్రంగా ఉన్నాయి, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

సోలార్ కరెంటుకు మేం వ్యతిరేకులం కాము. ఎండకు మాకు కొదవా! కానీ ఒక్క మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి. పోయేది మా గొర్రెలు మేసే బీడు. సర్వే వాళ్లు పాతిన ఎర్ర రంగు రాయి ఒకటి మా పెద్దమ్మ మేకలు కట్టేసే తుమ్మచెట్టు మొదట్లోనే ఉంది. "ఇంకెక్కడికి తోలుకుపోవాలి నాయనా?" అని ఆమె రోజూ అడుగుతోంది.

బ్యాటరీ కంటెయినర్లు బడికి ఎంత దూరమో ఎవరూ చెప్పరు. లిథియం బ్యాటరీ అంటుకుంటే వేడి లోపలి ఒక సెల్లు (బ్యాటరీలోని చిన్న విభాగం) నుంచి పక్క సెల్లుకు పాకుతుంది. ఆరినట్టే ఆరి మళ్లీ రాజుకుంటుంది. చల్లార్చడానికి గంటల తరబడి నీళ్లు కొట్టాలి. ఫ్లోరైడ్ భయంతో తాగేందుకే క్యాన్లు కొనుక్కునే ఊళ్లో అన్ని నీళ్లు ఎక్కడివి?

సోలార్ ప్లాంట్లకు కేంద్రం ఇచ్చిన 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు, కాబట్టి దాని కింద ప్రజాభిప్రాయ సేకరణా ఉండదు. చట్టం అడగకపోయినా మీరు మమ్మల్ని అడగవచ్చు.

పనులు మొదలయ్యేలోపు గ్రామసభ పెట్టించండి. సర్వే నంబర్లతో మ్యాపు, ఇళ్లకూ బ్యాటరీలకూ మధ్య దూరం, అగ్నిమాపక ఏర్పాట్లు, నీళ్లు తెచ్చే చోటు తెలుగులో రాతపూర్వకంగా ఇప్పించండి. మేతకు వేరే భూమి చూపించాకే కంచె వేయనివ్వండి.

భవదీయుడు,
కనిగిరి ప్రాంత రైతు