సాయంత్రం బ్యాచ్‌కు క్లోరిన్ మిగులుతోందా?

సంపాదకులకు,

వేసవి సెలవులు మొదలయ్యాక మా పట్టణంలోని మున్సిపల్ స్విమ్మింగ్ పూల్ రెండు పూటలా పిల్లలతో కిటకిటలాడుతోంది. సంతోషమే. కాలువల్లో, క్వారీ గుంటల్లో దిగి ప్రాణాల మీదికి తెచ్చుకోవడం కంటే ఇది ఎంతో నయం. కానీ అక్కడి నీళ్ల సంగతి ఎవరూ పట్టించుకుంటున్నట్టు లేదు. నేను తాగునీళ్లు శుద్ధిచేసే ఫిల్టర్ హౌస్‌లో ఆపరేటర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, నీళ్లు కనబడితే ఊరుకోలేను.

మనవరాలిని దించడానికి వెళ్తూ ఒకరోజు క్లోరోస్కోప్ సంచిలో పెట్టుకెళ్లాను. ఊళ్లలో కుళాయి నీళ్లు పరీక్షించే చిన్న పెట్టె అది. గొట్టంలో నీళ్లు పోసి ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్నంత మేర పసుపు తిరుగుతుంది. పొద్దున మొదటి బ్యాచ్‌కు ముందు రంగు చక్కగా వచ్చింది. అదే రోజు సాయంత్రం అదే మూలన ముంచి చూస్తే చుక్కలు వేశాక కూడా నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. కుళాయి చివరన కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మాకు సర్వీసులో చెప్పేవారు. పూల్‌లోనైతే కనీసం ఒక మిల్లీగ్రాము ఉండాలి.

కారణం కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. తెల్లవారుజామున ఒకసారి బ్లీచింగ్ పౌడర్ కలిపి చేతులు దులుపుకుంటున్నారు. పైకప్పు లేని పూల్. ఎండకు విరిగిపోకుండా కాపాడే స్టెబిలైజర్ మందు కలపని క్లోరిన్‌ను మన మే నెల ఎండ రెండు మూడు గంటల్లోనే చాలావరకు మింగేస్తుంది. మిగిలిన కాస్తా పిల్లల చెమటకు, తలకు రాసిన కొబ్బరినూనెకు సరిపోతుంది. నాలుగు లక్షల లీటర్ల పూల్‌లో లీటరుకు ఒక మిల్లీగ్రాము పెంచాలంటే 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా బ్లీచింగ్ పౌడర్ కిలోంపావు దాకా చాలు. తాజాది అని ఎందుకంటున్నానంటే, అక్కడి బస్తా మూతి విప్పి మోటారు గదిలో తేమ నేల మీద పడుంది. అలా పడి ఉన్న పొడిలో ఘాటు ఎంత మిగిలిందో దేవుడికే తెలియాలి.

సిబ్బందిని అడిగితే 'నీళ్లు నీలంగా ఉన్నాయి కదండీ' అన్నారు. టైల్సే నీలం! పైగా మైలుతుత్తం కలుపుతారట. అది పాచిని ఆపుతుంది గానీ క్లోరిన్ చేసే పని చెయ్యదు. ఇంకో తల్లిగారు 'వాసన గుప్పుమంటోంది, క్లోరిన్ ఎక్కువైంది' అని భయపడుతున్నారు. కళ్లు మండించే ఆ ఘాటు వాసన చాలాసార్లు క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసినందువల్ల వచ్చేది. మంచి క్లోరిన్ సరిపడా ఉన్న శుభ్రమైన నీళ్లకు అంత వాసన ఉండదు. కాబట్టి తల్లిదండ్రులకూ ఒక మాట: పూల్‌కు పంపే రోజు పిల్లల తలకు నూనె పెట్టకండి, బాత్రూమ్‌కు పంపి, ఒళ్లు తడిపి దించండి. అలా తడపడానికి అక్కడ రెండు షవర్లున్నాయి, రెంటికీ నీళ్లు రావు.

మొన్న ఒక బుడ్డోడు నీళ్లలోనే దొడ్డికి వెళ్లాడు. పసివాడు, వాణ్ణి అనేదేముంది. సిబ్బంది వలతో తీసి పారేసి బ్యాచ్ నడిపించేశారు. అందరినీ బయటికి రప్పించి, క్లోరిన్‌ను లీటరుకు రెండు మిల్లీగ్రాములకు పెంచి, కనీసం అరగంట ఆగాలి. విరేచనాలైన పిల్లవాడైతే అరగంట కూడా చాలదు. క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి మామూలు మోతాదు క్లోరిన్‌లో వారం పైగా బతుకుతుంది. 2024లో కేరళలో పిల్లల ప్రాణాలు తీసిన అమీబా గురించి మీ పత్రికలోనే చదివాం. నీళ్లు తాగితే కాదు, ముక్కులోకి పోతేనే అది మెదడుకు చేరుతుంది. ఈత నేర్చుకునే పిల్లల ముక్కుల్లోకి నీళ్లు పోకుండా ఉంటాయా? క్లోరిన్ సరిగ్గా ఉంటే దానికి చోటుండదు.

క్రిముల కంటే నన్ను ఎక్కువ భయపెడుతున్నది సాయంత్రానికి లోతు వైపు అడుగు మసకబారడం. అమెరికాలోని ఫాల్ రివర్‌లో 2011లో ఒక మహిళ పబ్లిక్ పూల్‌లో మునిగిపోతే, నీళ్లు మసగ్గా ఉండి రెండు రోజులు ఎవరికీ కనబడలేదు. ఆ రెండు రోజులూ జనం పైన ఈత కొడుతూనే ఉన్నారు. మధ్యలో తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్లకూ ఏమీ కనబడలేదు. మునిగేవాళ్లు సినిమాల్లోలాగా కేకలు వెయ్యరు. గట్టు మీద నిలబడితే అడుగున డ్రెయిన్ జాలీ గీతలు కనబడాలి. కనబడని పూట టికెట్లు ఇవ్వకూడదు, అంతే. అన్నట్టు ఆ జాలీకి ఒక మర ఊడి ఉంది. మోటారు లాగుతున్నప్పుడు పిల్లల జుట్టు, చేతివేళ్లు అక్కడే చిక్కుకుంటాయి. దాన్ని ఈ రోజే బిగించాలి.

నేను కోరేది పెద్ద బడ్జెట్ పని కాదు. టికెట్ కౌంటర్ పక్కన ఒక నల్లబల్ల పెట్టి, ప్రతి బ్యాచ్‌కు ముందు క్లోరిన్ ఎంత, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) ఎంత, ఎన్ని గంటలకు చూశారు, ఎవరు చూశారు అని రాయాలి. పీహెచ్ 7.2, 7.8 మధ్య ఉందో లేదో తల్లిదండ్రులు తామే చూసుకుంటారు. పరీక్ష చెయ్యడం రానివాళ్లుంటే నేను ఉచితంగా నేర్పుతాను, చుక్కల సీసా కూడా నాదే. ఆ మాట లిఖితపూర్వకంగా ఇచ్చాను. ఇప్పటిదాకా జవాబు లేదు.

నా పేరు, ఊరు ప్రచురించవద్దని మనవి. మా మనవరాలి కోచింగ్ ఇంకా పూర్తికాలేదు.

— ఒక విశ్రాంత ఫిల్టర్ హౌస్ ఆపరేటర్