గది దాటని మనస్తత్వ శాస్త్రం

సంపాదకులకు,

మనస్తత్వ శాస్త్రం అనగానే ఒక రోగి, ఒక వైద్యుడు, నాలుగు గోడల గది గుర్తొస్తాయి. పాఠాలూ చాలావరకు అక్కడే తిరుగుతున్నాయి. పని పోయినవాడి దిగులుకు కారణం అతని తలలోనే వెతికితే ఎలా? మూతపడిన కర్మాగారాన్నీ, ముఖం చాటేసిన బంధువులనూ చూడొద్దా? 1965లో అమెరికాలోని స్వాంప్‌స్కాట్ సదస్సులో మనిషిని అతని చుట్టూ ఉన్న జనంతో, పరిస్థితులతో కలిపి చూసే సముదాయ మనస్తత్వ శాస్త్రం రూపుదిద్దుకున్నది ఇలాంటి ప్రశ్నలతోనే.

మరో సంగతి. ‘మానవ స్వభావం’గా చెలామణీ అయినదానిలో చాలా భాగం పాశ్చాత్య కళాశాల విద్యార్థులపై చేసిన ప్రయోగాల నుంచి వచ్చిందేనని 2010లో జోసెఫ్ హెన్రిక్ అనే పరిశోధకుడి బృందం ఎత్తిచూపింది. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మనిషిని సమాజంతో, సంస్కృతితో కలిపి చూసే ఇలాంటి శాఖలను ఐచ్ఛికాలుగా మూలన పెట్టకండి. డిగ్రీ మొదటి ఏడాది నుంచే నేర్పండి. వారానికి ఒక్క రోజైనా విద్యార్థులను జనంలోకి పంపండి. అక్కడ ముందు వినడం నేర్చుకుంటారు.

– ఒక మనస్తత్వ శాస్త్ర విద్యార్థిని