‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మీరు పంపిన మెసేజ్ గురించి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
(మీ పేరు రాద్దామని యాప్ అంతా వెతికాను, ఎక్కడా లేదు.)

నమస్కారం.

పెంపుడు జంతువుల సరుకు అమ్మే మీ యాప్‌లో కొన్న సొరంగం బొమ్మ రబ్బరు ఊడి, మా ఇంటి జంతువు దాన్ని మింగిందని నేనిచ్చిన ఫిర్యాదు పరిష్కరించబడిందని మీ దగ్గర్నుంచి మళ్ళీ మెసేజ్ వచ్చింది. ఎవరు పరిష్కరించారండీ? ఏమని పరిష్కరించారు? నాతో ఒక్క మాట మాట్లాడకుండా నా ఫిర్యాదు ఎలా తీరిపోయింది? ఆ మెసేజ్ చూశాకే ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపాలని నిర్ణయించుకున్నాను. చాట్‌లో రాసింది మాయమైపోతోంది. ఫోన్‌లో చెప్పింది తర్వాత ఎత్తినవాళ్ళకి తెలియదు. కాగితమైతే మీ ఆఫీసులో ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోవాలి కదా.

మాది పాలకొల్లు. మా ఇంట్లో రెండు ఫెర్రెట్లు, అంటే ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే చిన్న పెంపుడు జంతువులు ఉన్నాయి, జున్ను, తాండ్ర. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి పెంచుకుంటూ ఉండేది. తను విదేశం వెళ్ళాల్సి వచ్చి మాకు అప్పజెప్పింది. ఇప్పుడవి మా పిల్లలే. మా ఊళ్ళో వీటిని కొత్తగా చూసినవాళ్ళు ముంగిసలనుకుంటారు. ఏమైనా సందేహం వస్తే అడగడానికి చుట్టుపక్కల ఫెర్రెట్లు పెంచేవాళ్ళెవరూ లేరు. అందుకే మీ మీద ఆధారపడ్డాం. తిండి, మలమూత్రాల కోసం వేసే లిట్టర్, ఊయల, మెడపట్టీ, అన్నీ మీ దగ్గరే. మా ఎండలకి ఇవి తట్టుకోలేవని తెలిసి చల్లగా ఉండే పరుపు కూడా మీ దగ్గరే కొన్నాం. కాకినాడలో, రాజమండ్రిలో కుక్కలు, పిల్లులు పెంచే మా బంధువుల చేత మీ యాప్ వేయించింది నేనే. అంత నమ్మకం ఉన్న మనిషి రాస్తున్న ఉత్తరం ఇది.

మీ బొమ్మ ఏ సైజు, ఏ మోడల్ అన్నవి మీ రికార్డుల్లో ఉన్నాయి, అవి నేను రాయను. మేం ఆ బొమ్మని ఎందుకు కొన్నామో మాత్రం మీరు వినాలి.

ఫెర్రెట్ ఉన్న ఇంట్లో అందరికంటే పెద్ద శత్రువు రబ్బరు. రబ్బరు, స్పాంజి, ఫోమ్, ఏది మెత్తగా పంటికి తగిలినా వీటికి పిచ్చి. కొరికి వదిలేస్తే ఫరవాలేదు, ముక్క ఊడిందంటే మింగేస్తాయి. వాటి పేగు సన్నం. చిన్న ముక్క అడ్డం పడినా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మేం ఇల్లంతా మార్చేశాం. రిమోట్ బటన్లంటే వీటికి ప్రాణం కాబట్టి రిమోట్ బీరువాలో ఉంటుంది. హవాయి చెప్పులు మూత ఉన్న పెట్టెలో. ఇయర్‌ఫోన్ బుడిపెలు, పక్కింటి పిల్లల ఎరేజర్లు నేల మీద కనబడితే ఇల్లంతా గోల. సోఫా కింద గుడ్డ చించి ఫోమ్ లాగుతున్నాయని వడ్రంగిని పిలిచి ప్లైవుడ్ కొట్టించాం. ఛార్జర్ వైర్లన్నీ పైపుల్లో దూర్చాం. మా అత్తయ్య గారైతే కుక్కర్ గాస్కెట్ కడిగిన వెంటనే గోడకి ఎత్తుగా ఉన్న మేకుకి తగిలిస్తారు. ఆవిడకి ఇంత వయసొచ్చాక, ఈ రెండు ప్రాణాల కోసం వంటింట్లో అలవాట్లన్నీ మార్చుకున్నారు. గుమ్మంలో కొబ్బరి పీచు పట్టా కూడా తీసేశాం, కొబ్బరి వ్యాపారం చేసే ఇంట్లో!

ఇంత చేసిన ఇంట్లోకి రబ్బరు ఉన్న వస్తువు ఒకే ఒక్కటి వచ్చింది. అది ఇవి లోపల దూరి ఆడుకునే మీ సొరంగం బొమ్మ. ఎందుకు రానిచ్చామంటే, డబ్బా మీద ‘ఫెర్రెట్లకు పూర్తిగా సురక్షితం, నమిలినా ఊడదు’ అని మీరు రాశారు కాబట్టి.

దాని అంచున ఉన్న రబ్బరు చుట్టు ఊడింది. జున్ను మింగింది. తిండి మానేసింది, పళ్ళు నూరడం, ముందు కాళ్ళతో మూతి గీరుకోవడం, తర్వాత వాంతులు. మా ఊరి పశువుల డాక్టరు గారు చేత్తో పొట్ట తడిమి చూసి, ‘అమ్మా, ఇంత చిన్న జీవికి ఆపరేషన్ నేను చేయలేను, ఆలస్యం చేయకుండా విజయవాడ తీసుకెళ్ళండి’ అని నిజాయితీగా చెప్పారు. ఆయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. పగటి వేడికి దారిలోనే పోతుందేమోనని భయపడి రాత్రి పూట, ఐసు బాటిల్‌కి తువ్వాలు చుట్టి బోనులో పెట్టుకుని భీమవరం, ఆకివీడు, కైకలూరు మీదుగా వెళ్ళాం. ఎక్స్‌రేలో రబ్బరు సరిగా కనపడలేదు. స్కానింగ్‌లో బయటపడింది. పేగు కోసి ముక్క తీశారు. జున్ను బతికింది.

మీకు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నాకు కోపం లేదు. ఈ మాట మీరు నమ్మాలి. నేను డబ్బు అడగడానికి చేయలేదు, తిట్టడానికీ చేయలేదు. ఈ బొమ్మ ఇంకో ఇంట్లో ఉంటుంది, ఆ ఇంటి దగ్గర్లో స్కానింగ్ తీసే డాక్టరు ఉండకపోవచ్చు, వెంటనే అమ్మకం ఆపండి అని చెప్పడానికి చేశాను. అది చెప్పనివ్వలేదు మీరు.

తెలుగు కోసం నంబరు నొక్కమంటే నొక్కాను. చాలాసేపు పాట వినిపించి, ఎత్తినతను హిందీలో మాట్లాడాడు. నాకు వచ్చిన హిందీలో, వచ్చిన ఇంగ్లీషులో చెప్పుకున్నాను. అంతా విని, ‘మేడమ్, మీ కుక్క ఏ జాతి?’ అన్నాడు. కుక్క కాదు బాబూ, ఫెర్రెట్ అన్నాను. స్పెల్లింగ్ చెప్పమన్నాడు. ఫెర్రెట్ల సరుకు అమ్మే కంపెనీలో ఫెర్రెట్ స్పెల్లింగ్ నేను చెప్పాను. రాసుకుని, ఫిర్యాదు నమోదు చేసి టికెట్ వేశానని చెప్పి పెట్టేశాడు. ఆ టికెట్‌లో ఏం రాసుకున్నాడో తర్వాత మెసేజ్‌లో చూశాను. ‘కస్టమర్‌కి బొమ్మ రంగు నచ్చలేదు’ అని ఉంది.

మళ్ళీ చేశాను. ఈసారి ఎత్తినావిడ డబ్బా విప్పుతున్నప్పటి వీడియో పంపమంది. బొమ్మ వచ్చినప్పుడు బాగానే ఉంది, వాడుతుంటే ఊడింది, విప్పుతున్న వీడియోలో ఏం కనబడుతుందని అడిగాను. ‘మా ప్రాసెస్ అదే మేడమ్’ అంది. ఇంకొకతను, ‘అది మేము తయారు చేయలేదు, వెండర్‌ని అడగండి’ అన్నాడు. డబ్బా మీద మీ పేరు, మీ గుర్తు తప్ప ఇంకెవరి పేరూ లేదు. వెండర్ పేరు చెప్పండంటే, చెప్పకూడదన్నాడు. చెప్పకూడని వెండర్‌ని నేనెలా అడగాలి?

చాట్‌లో మీ యంత్రం నా ప్రతి మాటకీ ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అని రాసింది. పేగు కోసి రబ్బరు తీశారు అని నేను రాస్తే కింద ‘ఈ సమాధానం మీకు ఉపయోగపడిందా?’ అని రెండు బొటనవేళ్ళు చూపించింది. మనిషితో మాట్లాడాలి అని టైపు చేసిన ప్రతిసారీ మొదటి ప్రశ్నకి తీసుకెళ్ళి నిలబెట్టింది.

ఒక్క అమ్మాయి గురించి మంచి మాట చెప్పాలి. తను తెలుగులో మాట్లాడింది. మా అమ్మాయి వయసే ఉంటుంది. ‘ఇప్పుడెలా ఉందండీ జున్ను?’ అని అడిగింది. మీ కంపెనీ మొత్తంలో ఆ ప్రశ్న అడిగింది తనొక్కతే. ఓపిగ్గా అంతా రాసుకుని, ఇది భద్రతకి సంబంధించిన విషయం, పైవాళ్ళకి పంపుతాను అంది. పైవాళ్ళకి లైను కలుపుతుండగా కాల్ కట్ అయింది. మళ్ళీ చేస్తే ఆ అమ్మాయి దొరకలేదు, తను రాసుకున్నదీ దొరకలేదు. తన మీద నాకే ఫిర్యాదూ లేదు. దయచేసి తనని ఏమీ అనకండి.

తర్వాత వచ్చిన మెయిల్ చదివి మా ఇంటిల్లిపాదీ నివ్వెరపోయాం. బొమ్మ వెనక్కి పంపితే పరిశీలిస్తారట, కానీ ‘అన్ని భాగాలతో సహా’ పంపాలట. ఊడిన ముక్క లేకపోతే రిటర్న్ తీసుకోరట. ఆ ముక్క డాక్టరు గారు మా జున్ను పేగులోంచి తీసి సీసాలో వేసి ఇచ్చారండీ. అది కూడా పంపుతానని రాశాను. అప్పుడు, మా పిన్‌కోడ్‌కి రిటర్న్ పికప్ లేదని జవాబు. బొమ్మ అమ్మినప్పుడు మా ఇంటి గుమ్మం దొరికింది, వెనక్కి తీసుకోమంటే పాలకొల్లు మ్యాప్‌లో లేకుండా పోయింది!

అంతటితో ఆగలేదు. డాక్టరు గారి చీటీ ఫోటోతో సహా నేను రాసిన రివ్యూ తీసేశారు. ‘మా నియమాలకి విరుద్ధం’ అట. అందులో ఒక్క చెడ్డమాట లేదు. రబ్బరు చుట్టు ఊడుతోంది, ఫెర్రెట్లు ఉన్నవాళ్ళు జాగ్రత్త అని మాత్రమే రాశాను. దాన్ని తీసేయడానికి మీకు మనుషులు దొరికారు, ఫోన్ ఎత్తడానికి దొరకలేదు. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే. నా మాట మీరు వినలేదు సరే, ఇంకొకళ్ళని కూడా విననివ్వలేదు.

జున్ను కుట్లు ఇంకా ఆరకముందే మీ యాప్ నుంచి ‘జున్నుకి పుట్టినరోజు శుభాకాంక్షలు’ అని వచ్చింది. కింద కూపన్. ఏ వస్తువు మీదనుకున్నారు? ఆ సొరంగం బొమ్మ మీదే. మా అత్తయ్య గారు ఆ ఫోన్ నా చేతిలోంచి తీసుకుని చూసి, ‘వీళ్ళకి మనసంటూ ఉందా?’ అన్నారు. ఆవిడకి ఏం జవాబు చెప్పను? మీరే చెప్పండి.

మీ వాళ్ళు నియమాలు, నియమాలు అన్నారు కాబట్టి నేనూ కూర్చుని చదివాను. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, ఫోన్ నంబరు మీరు పైకి కనబడేలా పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు తేల్చాలి. మీరు చేసింది ‘పరిష్కరించబడింది’ అని మూసేయడం. అది తేల్చడం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, వేరేవాళ్ళు చేసిన సరుకు మీద తమ మార్కు వేసుకుని అమ్మేవాళ్ళు కూడా తయారీదారుల కిందే లెక్క. కాబట్టి వెండర్ కథ ఇక నా దగ్గర చెప్పకండి. కేసు వేయడానికి నేను మీ ఊరు రానక్కర్లేదు, నేనుండే జిల్లాలోనే వేయవచ్చు. ఈ మాత్రం ధర వస్తువుకి ఫీజు కూడా లేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయడం కూడా నాకు చేతనవును. నాకు కోర్టుల చుట్టూ తిరిగే సరదా లేదు, కానీ మా ఆయన అంటున్నారు, మీ కాల్ సెంటర్ చుట్టూ తిరిగినదానికంటే అదే సుఖమని. నాకూ అలాగే అనిపిస్తోంది.

నాకేం కావాలో మీ వాళ్ళెవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. ఆ బొమ్మ అమ్మకం ఆపాలి. ఇప్పటికే కొన్న ప్రతి ఇంటికీ, కూపన్లు పంపినంత వేగంగా, ఆ రబ్బరు చుట్టు తీసేయమని మెసేజ్ పంపాలి. అది ఈరోజే చేయొచ్చు, ఎవరెవరు కొన్నారో మీ దగ్గరే ఉంది. నా రివ్యూ మళ్ళీ పెట్టాలి. మొదట్లో డబ్బు అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నాను. ఆపరేషన్, స్కానింగ్, మందులు, కారు, అన్నిటి ఖర్చూ మీరే ఇవ్వాలి. మొదటి రోజు ఒక్క మనిషి సరిగ్గా విని ఉంటే ఈ పేరా రాసేదాన్ని కాదు. కూపన్లు, పాయింట్లు ఇస్తానంటే మాత్రం తీసుకోను.

ఈ ఉత్తరం అందిన నెల లోపు రాతపూర్వకంగా జవాబు రాకపోతే, డాక్టరు గారి రిపోర్టు, మీ చాట్ స్క్రీన్‌షాట్లు, పేగులోంచి తీసిన రబ్బరు ముక్క ఉన్న సీసా, అన్నీ జిల్లా వినియోగదారుల కమిషన్ ముందు పెడతాను. కాకినాడ, రాజమండ్రి బంధువులకి కూడా మీ యాప్ తీసేయమని చెబుతాను. చేర్పించినదాన్ని నేనే కదా.

రిపోర్టు, బిల్లుల నకళ్ళు జత చేశాను. సీసా మాత్రం పంపడం లేదు, అది నా దగ్గరే ఉంటుంది. ఫోన్ చేయాలనుకుంటే సాయంత్రం ఆరు దాటాక చేయండి. ఈ ఉత్తరం మొదట్నుంచి చివరిదాకా చదివిన మనిషే చేయాలి.

ఇట్లు,
జున్ను, తాండ్రల ఇంటి నుంచి,
మీ పాత కస్టమర్,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా