కొత్త ట్రెక్కింగ్ బ్యాగులో ఏం ఉంచాం, ఏం తీసేశాం

నల్లమల అడవి లోయలో చైత్ర పౌర్ణమికి జరిగే సలేశ్వరం జాతరలోపు కొత్త బ్యాగు కుట్టి ఇస్తామని మహబూబ్‌నగర్‌లోని మా షాపుకు వచ్చేవాళ్లకు చెప్పాం. ఏమేం కావాలని అడిగితే మీరు చాలానే చెప్పారు. ల్యాప్‌టాప్ అర, యూఎస్‌బీ పోర్టు, ఇంకో నాలుగు జిప్పులు, మంచి నడుము పట్టీ, ధర మాత్రం పెరగొద్దు. అన్నీ పెట్టి అదే ధరకు ఇవ్వాలంటే ఏదో ఒకటి నాసిరకం వేయాలి. అది మాకు ఇష్టం లేదు. అందుకే కొన్ని వదిలేశాం.

ఎక్కువ డబ్బు నడుము పట్టీకే పెట్టాం. సన్న పట్టీ బ్యాగు ఊగకుండా ఆపుతుంది, అంతే. లోపల గట్టి ఫోమ్ ఉన్న వెడల్పు పట్టీని తుంటి ఎముకల మీద బిగిస్తే భుజాల బరువు చాలావరకు అక్కడికి దిగుతుంది. చైత్ర పౌర్ణమి ఎండల్లో మూడు లీటర్ల నీళ్లంటే మూడు కిలోలు. అంత బరువుతో లోయలోకి రాళ్ల మీద దిగుతున్నప్పుడు బ్యాగు పక్కకు లాగిందంటే కాలు జారుతుంది.

ఆ పట్టీ సరైన చోట కూర్చోవాలంటే చూడాల్సింది మీ ఎత్తు కాదు, వీపు పొడవు. తల వంచితే మెడ కింద ఒక ఎముక పైకి తేలుతుంది. అక్కడ టేపు పెట్టి తుంటి ఎముకల పైఅంచు దాకా కొలవాలి. ఒకే ఎత్తున్న అన్నదమ్ములకు కూడా ఈ కొలత వేరుగా ఉండొచ్చు. అందుకే రెండు సైజులు కుడుతున్నాం. రెండూ 30 లీటర్లవే. పొద్దున వెళ్లి రాత్రికి ఇల్లు చేరేవాళ్లకు చాలు. టెంటుతో అడవిలో ఉండేవాళ్లకు 50 లీటర్ల దాకా కావాలి, అది మా దగ్గర లేదు.

తర్వాత కుట్టు. పాత బ్యాగులు రిపేరుకు వస్తే చూస్తుంటాం కదా, గుడ్డ బాగానే ఉంటుంది, భుజం పట్టీ బ్యాగుతో కలిసే చోట ఊడి ఉంటుంది. ఆ అతుకులో లోపల ఇంకో గుడ్డ ముక్క వేసి, నైలాన్ దారంతో ముందుకూ వెనక్కూ దగ్గరదగ్గరగా కుట్టిస్తున్నాం. టైలరుకు టైం ఎక్కువ పడుతుంది, కూలీ కూడా పెరిగింది.

పక్క జేబులకు నెట్ బదులు బ్యాగు గుడ్డే వేశాం. సలేశ్వరం ఉన్న అమ్రాబాద్ అడవిలో వాడి పారేసే ప్లాస్టిక్‌కు అనుమతి లేదు, స్టీలు బాటిల్ తీసుకెళ్లాల్సిందే. లీటరు స్టీలు బాటిల్‌ను నెట్ జేబు ఎన్నాళ్లు మోస్తుంది? పైగా ముళ్లకంపకు తగిలితే చిరిగిపోతుంది.

ల్యాప్‌టాప్ అర, యూఎస్‌బీ పోర్టు లేవు. కాలేజీకీ కొండకూ ఒకే బ్యాగు కావాలన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇది నచ్చకపోవచ్చు. రెయిన్ కవర్ విడిగా అమ్ముతాం. గుడ్డకు కోటింగ్ ఉన్నా సూది రంధ్రాల్లోంచి, జిప్పుల్లోంచి నీళ్లు దిగుతాయి కాబట్టి వానాకాలంలో మల్లెలతీర్థం జలపాతానికి వెళ్లేవాళ్లు తప్పకుండా తీసుకోండి.

ధర 1,850 రూపాయలు, పాతదాని కంటే 400 ఎక్కువ. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత ధరే. ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చేవాళ్లు ఇంట్లో ఎవరిచేతనైనా వీపు కొలిపించి పంపండి, ఆ కొలత వచ్చాకే బ్యాగు సైజు రాసుకుంటాం.